కట్ట కట్టినవాళ్లు, కాపాడేవాళ్లు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సాఫ్ట్‌వేర్ గురించి నాలుగు మాటలు చెప్పు, కానీ అందరికీ అర్థమయ్యేలా చెప్పు" అని కార్యదర్శి గారు నాకు పని అప్పగించారు. రెండో షరతు చాలా కష్టం. నేను ఈ వృత్తిలోకి వచ్చి ముప్పై ఏళ్లు అయింది. అయినా మా అమ్మ దృష్టిలో నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. మొదట్లో "అది కాదమ్మా" అని సర్దిచెప్పేవాణ్ని. తర్వాత మానేశాను. ఎందుకంటే ఆమె చెప్పిందే నిజం. ఇన్నేళ్లలో నేను కొత్తగా రాసింది తక్కువ, ఎవరో రాసినదాన్ని ఆగకుండా నడిపించింది ఎక్కువ. ఈ వృత్తిలో చాలామంది సంగతి ఇంతే, పైకి చెప్పుకోరు.

అందుకే ఈ రోజు బాగుచేసేవాళ్ల గురించి మాట్లాడతాను. ఉదాహరణగా లినక్స్‌ను తీసుకుంటాను. చివర్లో మన బడి కంప్యూటర్ గది గురించి ఒక ప్రతిపాదన పెడతాను. దాని మీద మీ నిర్ణయం కావాలి కాబట్టి భోజనాల వాసన వచ్చినా కాసేపు ఓపిక పట్టండి.

లినక్స్ అంటే ఏమిటి? 1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, అప్పటికి 21 ఏళ్లవాడు, తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అది సరదా కోసమేనని, పెద్దదేమీ కాదని తోటివాళ్లకు ఒక సందేశం పంపాడు. అతను రాసింది కెర్నల్ మాత్రమే. అంటే యంత్రంతో నేరుగా మాట్లాడే లోపలి భాగం. మన చిన్నప్పుడు బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లు ఉండేవి, గుర్తుందా? అదే ఇంజన్‌కు పంపు తగిలిస్తే నీళ్లు తోడేది, చెరకు గానుగ తగిలిస్తే రసం తీసేది, పిండిమర తగిలిస్తే పిండి పట్టేది. కెర్నల్ ఆ ఇంజన్ లాంటిది. దానికి తగిలించడానికి కావలసిన పనిముట్లు చాలావరకు అప్పటికే ఉన్నాయి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు వాటిని తయారుచేస్తూ వచ్చింది. 1992లో లినస్ తన కెర్నల్‌ను అదే ప్రాజెక్టు లైసెన్సు జీపీఎల్ కిందికి తెచ్చాడు. ఆ లైసెన్సు సారాంశం రెండు ముక్కల్లో చెప్పొచ్చు: ఎవరైనా వాడుకోవచ్చు, చదవొచ్చు, మార్చొచ్చు. కానీ మార్చినదాన్ని పంచిపెట్టేటప్పుడు మీకు దొరికిన హక్కే ఎదుటివాడికీ ఇవ్వాలి.

ఆ ఇంజన్ ఈరోజు ఎక్కడుంది? మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అందులో ఉంది. ప్రపంచంలోని 500 అతి పెద్ద సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ప్రతి ఒక్కటీ లినక్స్ మీదే నడుస్తోంది.

ఇంజన్ ఒక్కటే ఇస్తే రైతు ఏం చేసుకుంటాడు? పంపు, బెల్టు, పైపులు అన్నీ సరిచూసి, బిగించి, "ఇదిగో, తిప్పుకో" అని ఇచ్చేవాడు కావాలి. ఆ పని చేసేదే డిస్ట్రిబ్యూషన్, మా భాషలో డిస్ట్రో. కెర్నల్‌కు వేలాది ప్రోగ్రాములు జతచేసి, ఒకదానితో ఒకటి గొడవ పడకుండా చూసి, లోపాలు బయటపడ్డప్పుడు సవరణలు పంపే బృందం అది. 1993లో స్లాక్‌వేర్ వచ్చింది. అదే ఏడాది ఇయన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. డెబ్రా అనే తన స్నేహితురాలి పేరు, తన పేరు కలిపి పెట్టిన పేరది. ఆ తర్వాత రెడ్ హ్యాట్, 2004లో ఉబుంటు వచ్చాయి. ఇప్పుడు లెక్కపెడితే వందల్లో ఉంటాయి. నా తరంవాళ్లకు పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీలు గుర్తుండాలి. ఇంటర్నెట్ నిమిషాల లెక్కన కొనుక్కునే రోజుల్లో మనదేశంలో చాలామందికి లినక్స్ దొరికింది ఆ సీడీల్లోనే. తర్వాత ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకు సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు.

"ఇందులో ఏది మంచిది?" అని కుర్రవాళ్లు నన్ను అడుగుతుంటారు. ఈ ప్రశ్న మీద మావాళ్లు పడే గొడవ చూస్తే, ఆవకాయలో వెల్లుల్లి వేయాలా వద్దా అన్న గొడవ చిన్నదిగా కనిపిస్తుంది. తెర మీద మెనూ పైనుండాలా కింద ఉండాలా, రంగు ఏదుండాలి, వీటి మీద రాత్రులు గడిపేస్తారు. నాకు వీటిలో పెద్ద ఆసక్తి లేదు. డిస్ట్రోను ఎంచుకునేటప్పుడు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. దీన్ని చూసుకునేది ఎవరు? ఎన్నేళ్లు చూసుకుంటామని మాట ఇచ్చారు? వాళ్లు మనసు మార్చుకుంటే మన గతేమిటి?

మూడో ప్రశ్న ఎందుకో చెబుతాను. రెడ్ హ్యాట్ సంస్థ డబ్బు తీసుకుని ఇచ్చే డిస్ట్రో ఒకటుంది. దాని సోర్సు బయట దొరికేది కాబట్టి, 2004 నుంచి కొందరు దాన్ని తిరిగి కూర్చి సెంటాస్ అనే పేరుతో ఉచితంగా ఇచ్చేవాళ్లు. ప్రపంచమంతా సర్వర్లలో నిశ్చింతగా వాడుకుంది. 2014లో సెంటాస్ రెడ్ హ్యాట్ నీడలోకి వచ్చింది. 2019లో రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2020 డిసెంబరులో ఒక ప్రకటన వచ్చింది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8 మద్దతు 2021 చివరితో ఆగిపోతుందని దాని సారాంశం. నేను ఆ కంపెనీని నిందించడం లేదు. కంపెనీ లెక్కలు కంపెనీకి ఉంటాయి. పైగా కెర్నల్‌లో రోజూ పనిచేసే ఎంతోమంది ఇంజనీర్లకు జీతాలిచ్చేవాటిలో అదొకటి. ఆ జీతాలు లేకపోతే లినక్స్ ఇంత దూరం వచ్చేది కాదు. నేను చెప్పేది ఇంతే: ఉచితంగా రావడం వేరు, మన చేతిలో ఉండడం వేరు.

అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు. కొద్ది నెలల్లోనే, 2021లో, ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ అని రెండు కొత్త డిస్ట్రోలు ఆ ఖాళీలోకి వచ్చాయి. లైసెన్సు ఇచ్చిన హక్కు వల్లే అది సాధ్యమైంది. దీన్ని మేం ఫోర్క్ అంటాం, అంటే వేరు పడటం. మన ఊళ్లో అన్నదమ్ములు వేరు పడితే పొలం సగమవుతుంది. ఇక్కడ ఇద్దరికీ మొత్తం పొలం దక్కుతుంది. సగమయ్యేది పనిచేసే చేతులు. అందుకే వేరు పడే హక్కు ఎంత గొప్పదో, దాన్ని అయినదానికీ కానిదానికీ వాడటం అంత నష్టం. 2014లో సిస్టమ్‌డీ అనే భాగం మీద తగువొచ్చి డెబియన్ నుంచి కొందరు దేవువన్ పేరుతో విడిపోయారు. రెండూ ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఒకే తప్పును ఇప్పుడు రెండు చోట్ల దిద్దుకోవాలి.

నా ఓటు ఎటో దాచను. సర్వర్లకు నాకు డెబియన్ ఇష్టం. దానికి యజమాని కంపెనీ లేదు. 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందం ఉంది, ఏటా సభ్యులు ఓట్లేసి ఎన్నుకునే నాయకుడు ఉంటాడు. సుమారు రెండేళ్లకొకసారి కొత్త విడుదల తెస్తారు, తొందరపడరు. ప్రతి విడుదలకు టాయ్ స్టోరీ అనే బొమ్మల సినిమాలోని ఒక పాత్ర పేరు పెడతారు. ఎప్పుడూ మారుతూ ఉండే అస్థిర రకానికి మాత్రం శాశ్వతంగా సిడ్ అని పేరు. ఆ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లవాడి పేరది! "డెబియన్‌లో అన్నీ పాతవే" అని కుర్రవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. రాత్రి రెండింటికి ఫోన్ మోగకపోవడం కంటే కొత్తదనం నాకు అక్కర్లేదు. ఇంట్లో వాడకానికి ఉబుంటు గానీ మింట్ గానీ చాలు. నేర్చుకోవాలనే పట్టుదల ఉన్న ఇంజనీరింగ్ పిల్లలు మాత్రం ఆర్చ్ లినక్స్‌ను ఒక్కసారైనా సొంతంగా, ఒక్కొక్క ముక్కా పేర్చుకుంటూ ఎక్కించుకోవాలి. వంట నేర్చుకునేవాడు ఒక్కసారైనా పొయ్యి తానే వెలిగించాలి కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన జిల్లాలో పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. ఆ చెరువు ఎలా కట్టారో చెబుతూ, మంచి చెరువుకు ఉండాల్సిన అంగాలు 12, ఉండకూడని దోషాలు 6 అని అందులో వరసగా చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల వంటి దోషాలు మనకు తేలిగ్గా అర్థమవుతాయి. నన్ను ఆపేసింది మరో దోషం: చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. అందులో నీటికేం లోపం, మట్టికేం లోపం? దోషమల్లా, నీళ్లు ఇద్దరూ తాగుతారు, పూడిక ఎవరూ తీయరు.

నేటి సాఫ్ట్‌వేర్ ప్రపంచానికి ఉన్న పెద్ద జబ్బు సరిగ్గా ఇదే. రెండు ఉదాహరణలు చెబుతాను.

మీరు బ్యాంకు వెబ్‌సైటు తెరిస్తే తాళం బొమ్మ కనిపిస్తుంది. ఆ తాళం వెనక పనిచేసే ప్రోగ్రాముల్లో ఓపెన్ఎస్ఎస్ఎల్ ముఖ్యమైనది. 2014 ఏప్రిల్లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. అప్పటికి రెండేళ్లుగా అది అక్కడే ఉంది. సర్వర్ జ్ఞాపకంలో ఉన్న రహస్యాలను బయటివాడు లాక్కోగలిగేంత లోపం. తర్వాత చూస్తే, ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఆధారపడ్డ ఆ ప్రాజెక్టుకు పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు. ఏడాదికి వచ్చే విరాళాలు 2 వేల డాలర్ల చుట్టుపక్కల. సరిహద్దు చెరువు అంటే ఇదే.

రెండోది మొన్నమొన్నటి సంగతి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాము దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఒకే మనిషి, జీతం లేకుండా, తన తీరిక వేళల్లో చూసుకునేవాడు. ఆరోగ్యం బాగోలేక పని మందగిస్తే, ముక్కూమొహం తెలియని పేర్లతో కొందరు "ఎందుకింత ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించు" అని వెంటపడ్డారు. అదే సమయంలో సాయం చేస్తానని ఒకడు వచ్చి, రెండేళ్లకు పైగా మంచిగా పనిచేసి నమ్మకం సంపాదించి, తాళాలు చేతికొచ్చాక అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకున్నాడు. ఎలాగంటారా? దూరంగా ఉన్న యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోంది. ఆ అర సెకను ఎందుకని తవ్వుకుంటూ వెళ్లాడు. అప్పుడతను వాడుతున్నది డెబియన్‌లో ఆ సిడ్ రకమే. బొమ్మలు విరిగే చోటే దొంగ దొరికాడు. నిదానంగా కదిలే డెబియన్ స్థిరమైన విడుదలలోకి ఆ దొంగదారి చేరనే లేదు. పాతవాటిని చూసి నవ్వే కుర్రవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

ఆ అర సెకను దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అర సెకనే కదా అని వదిలేయకపోవడం ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ చెప్పరు. మన లెక్కల సారు చెప్పేవారు. జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో మెట్టు లేకపోతే మార్కు కోసేసేవారు కదా, అది ఇదే పాఠం. కెర్నల్‌లోకి వెళ్లే ప్రతి మార్పూ రాసినవాడి పేరుతో, ఎందుకు మార్చాడో కారణంతో, నల్లబల్ల మీద లెక్కలాగా అందరి కళ్లముందు ఉంటుంది. చిన్నవాడి పని పెద్దవాడి ఖాతాలో పడే అవకాశం తక్కువ. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేననను. టోర్వాల్డ్స్ నోటి దురుసు లోకప్రసిద్ధం. 2018 సెప్టెంబరులో తన ప్రవర్తనకు ఆయనే బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్లు తప్పుకున్నాడు. పని గొప్పదైనంత మాత్రాన మాట కటువుగా ఉండక్కర్లేదు. ఈ విషయం కూడా మన అయ్యవార్లు మనకు ముందే నేర్పారు.

మరి మన పరిశ్రమ సంగతి? మన దగ్గర పెళ్లిచూపుల్లో కూడా అడుగుతారు: "అబ్బాయి డెవలప్‌మెంటా, సపోర్టా?" సపోర్ట్ అంటే పెద్దల ముఖం కాస్త వాడుతుంది. కొత్తది కట్టేవాడు గొప్ప, ఉన్నది నడిపేవాడు తక్కువ అనే లెక్క పెళ్లిపందిరి దాకా వచ్చింది. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒకాయన ఉండేవాడు. అందరూ "అన్నా" అనే పిలిచేవాళ్లు. రాత్రిపూట నడిచే లెక్కల పనులన్నీ ఆయన చేతిమీదుగా సాగేవి. డిస్కు నిండకముందే ఖాళీ చేసేవాడు, గడువు తీరే ముందే తాళాలు మార్చేవాడు. ఏదీ ఆగేది కాదు కాబట్టి ఆయన ఏం చేస్తున్నాడో పైవాళ్లకు కనిపించేది కాదు. ఏడాది చివర మదింపులో "సగటు" అని రాశారు. పక్క బృందంలో హడావుడిగా కొత్త పోర్టల్ విడుదల చేసి, అది వారంలో మూడుసార్లు పడిపోతే రాత్రింబవళ్లు లేపి నిలబెట్టినవాళ్లకు వేదిక మీద బహుమతి ఇచ్చారు. అన్న వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. మూడో నెలలో ఆ రాత్రి పనులు ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలైంది. అప్పుడు గానీ ఆయన పనికి ఒక జాబితా తయారు కాలేదు.

పిల్లలూ, ఉద్యోగాలు మారొద్దని, జీతం అడగొద్దని నేను చెప్పను. ఇల్లు గడవాలి, అప్పులు తీరాలి. దొంగ అనుభవ పత్రాల దారి మాత్రం తొక్కకండి. దాని బదులు ఏదో ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో చిన్న తప్పు ఒకటి దిద్దండి, అది తెలుగు అనువాదంలో అక్షరదోషమైనా సరే. మీ పేరుతో, తేదీతో లోకం ముందు ఉంటుంది. నేను ఇంటర్వ్యూలు చేసేటప్పుడు అలాంటి ఒక్క సవరణ ఉన్న బిడ్డను చూస్తే పది సర్టిఫికెట్ల కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక నా ప్రతిపాదన. మన బడి కంప్యూటర్ గదికి వెళ్లి చూశాను. మనవాళ్లే ఇచ్చిన యంత్రాలు, చాలావరకు బాగున్నవే, గోనెపట్టా కప్పి మూలన పెట్టారు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు పాత యంత్రాల్లో ఉండదు. "స్వర్ణోత్సవం గుర్తుగా కొత్త ల్యాబు కట్టిద్దాం" అని ఇప్పటికే కొందరు మిత్రులు ముందుకొచ్చారు. వాళ్ల మనసుకు దండం. కానీ కొన్నేళ్లలో దాని మీద కూడా గోనెపట్టా పడదని హామీ ఏది?

ఆ పాత యంత్రాల మీద డెబియన్‌ను ఒక తేలికపాటి తెరతో ఎక్కిద్దాం. అవసరమైన చోట కాస్త మెమరీ, పాత డిస్కు బదులు ఎస్ఎస్‌డీ వేద్దాం. తెలుగు ఖతులు, తెలుగు కీబోర్డు అందులో దొరుకుతాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ మిత్రులు ఏళ్లుగా తెలుగులో ఈ పని చేస్తున్నారు. కేరళ ప్రభుత్వ బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే పాఠాలు చెబుతున్నారు. అక్కడ అది నిలబడటానికి ముఖ్య కారణం, యంత్రాలతోపాటు ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇవ్వడం. కొన్ని పరీక్షల పోర్టళ్లకు విండోసే కావాలంటే ఒకటో రెండో యంత్రాలు అలాగే ఉంచుదాం. దీని మీద పట్టుదలకు పోవక్కర్లేదు.

ఇందులో ఖర్చు చిన్న భాగం. పెద్ద భాగం మనిషి. మన చెరువులకు నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంత నీళ్లో, కట్ట ఎక్కడ ఊరుతోందో చూసుకునేవాడు. చెరువు కట్టించిన దొర పేరు శాసనంలో ఉంది, నీరుగంటి పేరు ఎక్కడా లేదు. అయినా ఆ చెరువు ఇప్పటికీ ఉందంటే వందల ఏళ్లుగా ఎవరో ఒకరు దాన్ని చూసుకుంటూ వచ్చారనే కదా. మన కంప్యూటర్ గదికి అలాంటి నీరుగంట్లు కావాలి.

సంఘాన్ని నేను అడిగేవి నాలుగు. ఒకటి, ఏటా ఇద్దరు పూర్వ విద్యార్థులు ఆ బాధ్యత తీసుకోవాలి. నెలకొక ఆదివారం వచ్చి చూసుకోవాలి, ఊళ్లో లేనివాళ్లు దూరం నుంచైనా సాయపడాలి. రెండు, తొమ్మిదో తరగతి నుంచి ప్రతి ఏడాదీ ఇద్దరు పిల్లలను, ఒక అమ్మాయిని, ఒక అబ్బాయిని, వాళ్ల చేతికింద తయారుచేయాలి. మూడు, గదిలో ఒక లాంగ్ నోటుబుక్ వేలాడదీయాలి. ఏ యంత్రంలో ఎవరు ఏం మార్చారో, ఎందుకు మార్చారో తేదీతో తెలుగులోనే రాయాలి. నాలుగు, సంఘం నిధిలో కొంత సొమ్మును కొనుగోళ్లకు కాకుండా మరమ్మతులకే అని విడిగా రాసిపెట్టాలి.

గది గుమ్మం మీద దాతల పేర్లతో ఫలకం ఉంది. దాని పక్కన ఇంకొక పలక పెడదాం, చాక్‌పీసుతో రాసే నల్లపలక. ఈ ఏడాది నీరుగంట్ల పేర్లు దాని మీద రాద్దాం. వచ్చే ఏడాది చెరిపి కొత్తపేర్లు రాద్దాం. చెరిపేసిన పేర్లు ఎలాగూ నోటుబుక్కులో ఉంటాయి.

మొదటి ఏడాదికి నా పేరు రాసుకోండి. రెండో పేరు కావాలి. భోజనాల దగ్గర కార్యదర్శి గారు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. కంప్యూటర్ రాదని వెనకాడకండి, మెకానిక్కులూ, ఎలక్ట్రీషియన్లూ, ఉద్యోగ విరమణ చేసిన అయ్యవార్లూ అందరూ పనికొస్తారు. అర సెకను ఆలస్యాన్ని కూడా పట్టించుకునే గుణం ఉంటే చాలు, మిగతాది నేర్చుకోవచ్చు.